జడ్సన్ దంపతుల బర్మా ప్రయాణం

అమెరికా నుంచి ఆసియాకు జీవితకాల క్రైస్తవ సేవ కోసం బయలుదేరిన తొలి బృందంలో అడోనిరామ్ జడ్సన్ (1788–1850), ఆయన భార్య ఆన్ (1789–1826) ఉన్నారు. 1812 ఫిబ్రవరి 5న వారి పెళ్లి జరిగింది. మర్నాడు సేలం పట్టణంలో ఆయన పాదిరీగా అభిషేకం పొందాడు. 19న ఇద్దరూ కారవాన్ అనే ఓడలో బయలుదేరి, దాదాపు నాలుగు నెలలకు కలకత్తా చేరారు.

వారిని పంపింది కాంగ్రిగేషనల్ సంఘం. శిశువులకు బాప్తిస్మం ఇవ్వడం ఆ సంఘం ఆచారం. ఓడలో బైబిలును మళ్లీ పరిశీలించిన జడ్సన్‌కు అది సరి కాదనిపించింది. సెప్టెంబరులో దంపతులు కలకత్తాలో ముంపు బాప్తిస్మం తీసుకుని, పంపిన సంఘానికి ఆ సంగతి రాశారు. పరాయి దేశంలో ఉండగా, మనస్సాక్షి కోసం ఉన్న ఒక్క ఆధారాన్నీ వదులుకోవడం ఓడ ఎక్కడం కంటే పెద్ద సాహసం.

ఈస్టిండియా కంపెనీ వారిని ఉండనివ్వలేదు. మారిషస్ వెళ్లి, 1813 జూన్‌లో మద్రాసు వచ్చారు. అక్కడా అదే భయం. దొరికిన ఓడ రంగూన్‌ది. ఆ దారిలోనే ఆన్‌కు తొలి కాన్పు జరిగింది, బిడ్డ దక్కలేదు. జూలై 13న రంగూన్ చేరారు. బర్మీస్ భాష నేర్చుకోవడానికే ఏళ్లు పట్టింది. తొలి బాప్తిస్మం 1819లో గాని జరగలేదు.

సహచరుడు లూథర్ రైస్ అమెరికా తిరిగి వెళ్లి మద్దతు కూడగట్టగా, 1814లో ఫిలడెల్ఫియాలో బాప్టిస్టు మిషను సంస్థ ఏర్పడింది. తెలుగువారి మధ్య పనికి శామ్యూల్ డేను పంపినది ఆ సంస్థే. ఆయన 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు.