మామిడి సంకరీకరణ

మామిడి సంకరీకరణ: రెండు మేలురకాలను పరపరాగ సంపర్కం ద్వారా కలిపి, పోషకాలు, రుచి, నిలవ గుణం పెరిగిన కొత్త రకాన్ని పుట్టించే విధానం.

విధానం: పూగుత్తిలో వేల పూలున్నా వాటిలో చాలావరకు మగపూలే. కాయ కట్టగల ద్విలింగ పువ్వు విచ్చకముందే పట్టకారుతో కేసరాలు తీసేసి, తండ్రి రకపు పుప్పొడి అద్ది, గుత్తికి సంచి కడతారు. నిలిచే కాయలు బహు కొద్ది. టెంక నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. గుణం తేలాక అంటుకట్టి వ్యాప్తి చేస్తారు.

ముఖ్య రకాలు: 1970లలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ దశేరి, నీలంల నుంచి మల్లిక, ఆమ్రపాలి రకాలను తెచ్చింది. ఆమ్రపాలి ముదురు నారింజ గుజ్జులో బీటా కెరోటిన్ మెండు. శరీరం దాన్ని కంటిచూపుకు అవసరమైన విటమిన్ ఎగా మార్చుకుంటుంది. బెంగళూరు సమీపంలోని హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఆల్ఫాన్సో, బంగినపల్లి కలిపి అర్క పునీత్‌ను, ఆమ్రపాలి, అర్క అన్మోల్ కలిపి అర్క సుప్రభాత్‌ను రూపొందించింది. ఆల్ఫాన్సోను పీడించే గుజ్జు మెత్తబడే లోపం అర్క పునీత్‌లో ఉండదు. సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం రుమానీ, నీలంల నుంచి మంజీర తెచ్చింది.

ప్రాంతీయ ప్రాధాన్యం: కర్ణాటకలోని చిక్కబళ్లాపుర జిల్లాలో, తెలుగు వినిపించే చింతామణి, బాగేపల్లి పరిసరాల్లో, మామిడి ముఖ్యమైన తోటపంట. రంగు, బరువులతోపాటు పోషకానికీ ధర దక్కినప్పుడే ఈ సంకర రకాలు రైతుకు, తినేవారికి నిజంగా మేలు చేస్తాయి.