ఎర్రగీత పుట్టుపూర్వోత్తరాలు

ప్రోగ్రామ్ శుభ్రంగా నడుస్తుంటుంది. ఎడిటర్‌లో మాత్రం ఇంపోర్ట్ లైను కింద ఎర్రగీత: మాడ్యూల్ దొరకలేదట! తిట్లన్నీ వీఎస్ కోడ్‌కే పడతాయి గానీ, అది వచ్చింది 2015లో. పేచీ అంతకన్నా పాతది.

2009లో రయన్ డాల్ నోడ్‌ను బయటపెట్టాడు. అందులో కుదురుకున్న పద్ధతి ఇది: 'రిక్వైర్' అంటూ ప్యాకేజీ పేరు రాస్తే, అడిగిన ఫైలున్న ఫోల్డర్‌లో నోడ్_మాడ్యూల్స్ కోసం చూస్తుంది. అక్కడ లేదా, పై ఫోల్డర్. అక్కడా లేదా, ఇంకా పైకి, రూటు దాకా. ఫైలు పేరు చివర డాట్ జేఎస్ రాయకపోయినా తనే తగిలించి చూస్తుంది. రాసేవాళ్లకు మహా సుఖం. 2018లో బెర్లిన్ జేఎస్‌కాన్ఫ్‌లో డాల్ తన పశ్చాత్తాపాల చిట్టా విప్పినప్పుడు ఇవి రెండూ అందులో ఉన్నాయి. అప్పటికి చేయి దాటిపోయింది.

ఈ వెతుకులాటలో అడుగుతున్నది ఎవరన్నదే అసలు సంగతి. వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ ఉండేది మన హోమ్ ఫోల్డర్‌లో ఎక్కడో. అక్కడి నుంచి ఎంత పైకి ఎక్కినా మన ప్రాజెక్టు తగలదు. అందుకే కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్ ఎక్స్‌టెన్షన్ తన చోటు నుంచి కాక వర్క్‌స్పేస్ వైపు నుంచి లైబ్రరీని వెతుకుతుంది. ఒకే రిపోలో నాలుగు ప్రాజెక్టులుంటే ఏ ఫోల్డర్ నుంచి మొదలుపెట్టాలో 'వర్కింగ్ డైరెక్టరీస్' సెట్టింగులో మనమే చెప్పాల్సి రావచ్చు.

2016లో టైప్‌స్క్రిప్ట్ 2.0 'పాత్స్' తెచ్చింది. చుక్కలూ గీతలూ పేర్చే పని తప్పి, పొట్టి మారుపేర్లు వచ్చాయి. అయితే అది కంపైలర్‌కు చెప్పే మాట మాత్రమే. బయటికొచ్చే జావాస్క్రిప్ట్‌లో దారి మారదు. ఎడిటర్ నోరెత్తదు, నోడ్ గగ్గోలు పెడుతుంది. మారుపేరు బండ్లర్ అయిన వెబ్‌ప్యాక్‌కే చెప్పి ఊరుకుంటే తిరకాసు: బిల్డ్ అవుతుంది, ఎడిటర్ ఎర్రబడుతుంది. టెస్టులు నడిపే జెస్ట్‌కు మళ్లీ వేరే రాయాలి. ఒక్క పేరుకు మూడు చోట్ల రిజిస్ట్రేషన్ ఏమిటో! 2023లో టైప్‌స్క్రిప్ట్ 5.0 వెర్షన్ 'బండ్లర్' అనే పద్ధతి చేర్చి, బండ్లర్లు వెతికే తీరుకు కొంత దగ్గరైంది. మారుపేర్ల బెడద మాత్రం అలాగే ఉంది.

సెట్టింగులు కెలికే ముందు టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ టీఎస్‌సీని 'ట్రేస్ రిజల్యూషన్' ఆప్షన్‌తో నడపండి. తొక్కిన ప్రతి గడపా, అక్కడ ఫైలుందో లేదో, వరసగా అచ్చేస్తుంది. అందులో దొరికి ఎడిటర్‌లో దొరకలేదంటే వెర్షన్ చూడండి: వీఎస్ కోడ్ తనతో తెచ్చుకున్న టైప్‌స్క్రిప్ట్ ఒకటి, ప్రాజెక్టులోది ఇంకొకటి అయ్యుండొచ్చు. వర్క్‌స్పేస్ వెర్షన్ ఎంచుకునే కమాండ్ ఉంది. కాన్ఫిగ్ ఫైలు ముట్టుకోవడం ఆ తర్వాతే.