పాట ఒక ప్రోగ్రాము నుండి మరొక ప్రోగ్రామునకు

2002వ సంవత్సరము జులై 1వ తేదీన అమెరికాలోని ఆపిల్ కంపెనీ, జర్మనీలోని ఎమాజిక్ అను సంస్థను కొన్నది. ఎమాజిక్ వారి 'లాజిక్' అను ప్రోగ్రాము కంప్యూటరుపై సంగీతమును రికార్డు చేయువారికి అప్పటికే బాగుగా పరిచితము. అది ఆపిల్ వారి మాకింటాష్ యంత్రములపైనను, విండోస్ యంత్రములపైనను పనిచేయుచుండెను. సెప్టెంబరు 30వ తేదీతో విండోస్ కూర్పు నిలిచిపోవునని కంపెనీ వారు ప్రకటించిరి. పాత కూర్పు ఆ మరునాడే మూగపోదు, నిజమే. కాని కొత్త విండోస్ వచ్చినప్పుడెల్ల అది వెనుకబడును. కనుక విండోస్ వాడువారు కంప్యూటరునైనను మార్చుకొనవలెను, ప్రోగ్రామునైనను మార్చుకొనవలెను. ప్రోగ్రామును మార్చినచో అంతవరకు చేసిన పాటల గతి యేమి?

టేపు కాలమున ఈ చిక్కు ఇంతగా లేదు. పావు అంగుళము టేపుపై సెకనుకు 15 అంగుళముల వేగమున రికార్డు చేసిన పాటను, ఆ వెడల్పునకు, ఆ వేగమునకు తగిన మరొక కంపెనీ యంత్రముపై వినవచ్చును. పాట అంతయు అయస్కాంత ముద్రలుగా ఆ టేపుపైననే కలదు. కంప్యూటరులో అట్లు కాదు. గాయకుని కంఠము ఒక ఫైలులో, వయొలిన్ మరొక ఫైలులో, మృదంగము ఇంకొక ఫైలులో నుండును. ఏది ఏ క్షణమున మొదలు కావలెను, ఎంత బిగ్గరగా వినబడవలెను, దేనికెంత ప్రతిధ్వని చేర్చవలెను అను ఆజ్ఞలన్నియు 'ప్రాజెక్టు' అను వేరొక ఫైలులో నుండును. ఈ ఫైలును ప్రతి కంపెనీయు తన సొంత సంకేతములలో వ్రాసికొనును. 'క్యూబేస్' ప్రోగ్రామును తయారుచేసిన స్టైన్‌బర్గ్ సంస్థ హాంబుర్గు నగరమున, ఎమాజిక్ దాని పొరుగుననున్న రెల్లింగెన్ పట్టణమున నుండెను. ఊళ్లు పక్కపక్కనే, ఒకరి ప్రాజెక్టును మాత్రము మరొకరి ప్రోగ్రాము చదువజాలదు.

కంపెనీలు ఏకాభిప్రాయమునకు వచ్చిన విషయములు లేకపోలేదు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యముల ప్రదర్శనలో సీక్వెన్షియల్ కంపెనీ కీబోర్డును, జపాను దేశపు రోలాండ్ కంపెనీ కీబోర్డును ఒక తీగతో కలిపిరి. ఒకదానిని వాయించగా రెండవది పలికినది. ఈ ఏర్పాటునకు 'మిడి' అని పేరు. ఆ తీగలో పోవునది శబ్దము కాదు. ఏ మెట్టు నొక్కినారు, ఎంత గట్టిగా నొక్కినారు, ఎప్పుడు వదలినారు అను అంకెలు మాత్రమే. మెట్లకు 0 నుండి 127 వరకు సంఖ్యలు కలవు. 1988లో ఈ అంకెలను ఫైలుగా దాచుటకును ఉమ్మడి పద్ధతి ఏర్పడినది. నాటి నుండి స్వరములు ఒక ప్రోగ్రాము నుండి మరొక ప్రోగ్రామునకు పోగలుగుచున్నవి.

స్వరములు పోవును, గమకము పోవునా? స్వరమును వంచుటకు మిడిలో 16,384 మెట్ల కొలత కలదు. కాని ఆ కొలత మొత్తము ఎంత దూరమునకు సమానమో నిర్ణయించునది వాద్యము. పైకి సగము వంచుమని ఫైలులో ఉన్నదనుకొందము. వాద్యపు హద్దు రెండు అర్ధస్వరములైనచో షడ్జము శుద్ధ రిషభమును చేరును. హద్దు పన్నెండు అర్ధస్వరములైనచో అదే అంకె షడ్జమును ప్రతిమధ్యమమునకు తోసివేయును! హద్దు ఇంత అని ఫైలులోనే తెలుపుటకు వీలు కలదు, తెలిపినప్పుడు గదా. ఇది కంప్యూటరుతో పుట్టిన చిక్కు కాదు. 1904లో ఎట్టయాపురమున తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో గమకములకు వేరువేరు చిహ్నములు కలవు. వాటిని విడిచి స్వరములు మాత్రమే ఎత్తి వ్రాసికొన్నచో కృతి నిలుచును గాని రాగచ్ఛాయ సన్నగిల్లును.

ఇక శబ్దము సంగతి. 1991లో మైక్రోసాఫ్ట్, ఐ.బి.ఎం. కంపెనీలు 'వేవ్' అను ఫైలు పద్ధతిని వెలువరించినవి. దీనిని ఇంచుమించు అన్ని ప్రోగ్రాములును చదువగలవు. అందుచే ప్రోగ్రాము మార్చువారు ఒక తెలివైన ఉపాయమును అవలంబించిరి. మృదంగము రెండవ నిమిషమున మొదలైనను, దాని ఫైలును పాట తొలి క్షణము నుండియే, ముందు నిశ్శబ్దముతో సహా, వ్రాయింతురు. అన్ని ఫైళ్లను కొత్త ప్రోగ్రాములో సున్న వద్ద వరుసగా పేర్చినచో వాటంతటవే జత కూడును. ఇందుకు పట్టు చోటును విద్యార్థులు లెక్కించి చూడవచ్చును. సెకనుకు 44,100 కొలతలు, కొలతకు 2 బైట్లు; నాలుగు నిమిషముల పాటకు ఒక ట్రాకు 2 కోట్ల 11 లక్షల బైట్లు మించును. 24 ట్రాకులకు 51 కోట్లకు లోపే. ఆనాటి ఒక సి.డి.లో సుఖముగా ఇమిడిపోవును.

కాని ఈ ఉపాయమునకు మూల్యము కలదు. లాజిక్‌లో 'ఇ.ఎస్.1' వంటి వాద్యములు ప్రోగ్రాములోనే ఇమిడియుండెను. బయట అవి పలుకవు. వాటి ధ్వనిని వేవ్ ఫైలుగా మార్చి తీసికొనిపోవచ్చును గాని, ఆ పిమ్మట నాదపు తీరును దిద్దుటకు వీలులేదు. ఉడికిన ఇడ్లీ మరల పిండి కాదు గదా! ప్రతిధ్వనిని చేర్చి వ్రాయించినచో దానిని తీసివేయుట కష్టము. చేర్చక వ్రాయించినచో గంటల తరబడి కుదిర్చిన పొందికను మరల మొదటి నుండి కుదుర్చుకొనవలెను. సంగీతజ్ఞునకు అసలు నష్టము ఇదియే. స్వరములును, శబ్దములును చేతికి వచ్చినవి. వాటి నడుమ అతడు చేసిన నిర్ణయములు పాత ఫైలులోనే చిక్కుకొనినవి.

2017 నవంబరులో ఇటువంటి అలజడియే మరల కలిగినది. 1987 నాటి నుండి వచ్చుచున్న 'కేక్‌వాక్' ప్రోగ్రాముల తయారీని నిలిపివేయుచున్నట్లు దాని యజమానియగు గిబ్సన్ కంపెనీ ప్రకటించినది. 2018 ఫిబ్రవరిలో బ్యాండ్‌ల్యాబ్ అను సంస్థ దానిని కొనుటచే ఆ ప్రోగ్రాము బ్రతికినది. లాజిక్ విండోస్ కూర్పునకు ఆ అదృష్టము పట్టలేదు.

2023లో జర్మనీకి చెందిన బిట్‌విగ్, అమెరికాకు చెందిన ప్రీసోనస్ అను రెండు సంస్థలు 'డా ప్రాజెక్ట్' అను బహిరంగ పద్ధతిని ప్రకటించినవి. దాని నిర్మాణము రహస్యము కాదు. ఏ కంపెనీయైనను వాడుకొనవచ్చును. స్వరములు, శబ్దములు మాత్రమే గాక, హెచ్చుతగ్గుల అమరికలు, చేర్చిన ఉపకరణముల స్థితులు కూడ అందులో చేరును. మరుసటి సంవత్సరము క్యూబేస్ కూడ దీనిని స్వీకరించినది. అయితే పాత కంప్యూటరులో వాడిన ప్రతిధ్వని ఉపకరణము కొత్త కంప్యూటరులో లేనిచో, దాని అమరికలు ఫైలులో భద్రముగనే యుండును గాని ప్రతిధ్వని వినబడదు. అందుచేత ఈ పద్ధతిని వాడువారికిని సున్న నుండి వ్రాయించిన వేవ్ ఫైళ్లను వేరుగా దాచుకొను అవసరము తీరలేదు.