విశాఖ విశ్రాంత అగ్నిమాపకులు: వేరు వేరు కొలువులు, ఒకే జ్ఞాపకం

విశాఖపట్నంలో మంటలార్పే ఉద్యోగానికి ఒకే యజమాని గాని, ఒకే యూనిఫారం గాని, ఒకే పెన్షన్ పద్దు గాని లేవన్నది ఈ నగర చరిత్ర రాసినవారు పెద్దగా పట్టించుకోని సంగతి. సూర్యాబాగ్ అగ్నిమాపక కేంద్రం నుంచి బండి ఎక్కే ఫైర్‌మ్యాన్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి కాగా, ఓడలు ఆగే జెట్టీల దగ్గర సిద్ధంగా ఉండేవాడు పోర్టు ఉద్యోగి, చమురుశుద్ధి కర్మాగారంలో ఫోమ్ టెండర్ నడిపేవాడు ఆ కంపెనీ మనిషి, ఉక్కు కర్మాగారంలో ఆ పని చూసేవాడు కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలోని, అంటే సీఐఎస్ఎఫ్‌లోని, అగ్నిమాపక విభాగానికి చెందినవాడు, నౌకాదళ డాక్‌యార్డులో ఉండేవాడు రక్షణ శాఖ కింద పనిచేసే పౌర ఉద్యోగి. కొలువులో ఉన్నంతకాలం ఇలా ప్రహరీ గోడలకు అటూ ఇటూ ఉండిపోయిన వీరందరినీ విరమణ తరువాత కలిపి ఉంచేది ఏమిటన్న ప్రశ్నకు సంఘాల సభ్యత్వ పుస్తకాలలో దొరికే సమాధానం కొంతే. మిగిలినది ఈ ఊరు చూసిన అగ్నిప్రమాదాల వరుసలో వెతకాలి.

ఈ విభజనకు మూలం నగరం పెరిగిన తీరులో ఉంది. 1933 అక్టోబరులో ఓడల రాకపోకలు మొదలై, అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ చేతుల మీదుగా లాంఛనంగా ప్రారంభమైన నౌకాశ్రయం మొదట్లో ప్రధానంగా మాంగనీసు ఖనిజం ఎగుమతికి ఉద్దేశించినదే అయినా, 1957లో మల్కాపురం వైపు కాల్టెక్స్ కంపెనీ చమురుశుద్ధి కర్మాగారం వెలియడంతో మండే ద్రవాలు దిగే రేవుగా కూడా మారింది. ఆ కర్మాగారమే 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమయింది. ఉక్కు ఉద్యమం తరువాత 1971 జనవరిలో శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఉక్కు కర్మాగారంతో వేరే రకం ప్రమాదం వచ్చింది. కోక్ ఓవెన్ల నుంచి, బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి వెలువడే వాయువులు మండేవే కాక ప్రాణాంతకమైనవి కూడా. వాటిలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేనందువల్ల, అక్కడి అగ్నిమాపకుడు నీటి గొట్టం కంటే ముందు శ్వాస పరికరం తగిలించుకోవడం నేర్చుకోవలసి వచ్చింది. ఒక్కో పరిశ్రమ తన అపాయానికి తగిన దళాన్ని తానే ఏర్పరచుకోగా, మిగిలిన ఊరంతా, అంటే పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఇరుకు సందుల నుంచి జాలరిపేటల పాకల దాకా, రాష్ట్ర శాఖకు మిగిలింది. ముంబయిలో అగ్నిమాపక దళం నగరపాలక సంస్థదే. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు కూడా ఈ సేవను పురపాలక విధులలోనే చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం అది రాష్ట్ర ప్రభుత్వ శాఖ చేతిలోనే ఉండిపోయింది.

ఈ దళాలన్నీ ఒకే మంట ముందు నిలబడవలసి వచ్చిన రోజు 1997 సెప్టెంబరు 14. ఆ ఆదివారం ఉదయం ఆరు దాటాక, ఓడ నుంచి నిల్వ కేంద్రానికి మళ్లిస్తున్న ఎల్‌పీజీ, అంటే మన వంటగ్యాసే, లీకై హిందుస్థాన్ పెట్రోలియం చమురుశుద్ధి కర్మాగారం ఆవరణలో పరుచుకుంది. ఈ వాయువు గాలి కంటే బరువైనది గనుక పైకి తేలిపోక, నేలను అంటుకొని పల్లం వెతుక్కుంటూ పాకుతుంది. దారిలో ఎక్కడ నిప్పురవ్వ తగిలినా మంట వెనక్కి, లీకు మొదలైన చోటికి పరుగెత్తుతుంది. హోర్టన్ స్ఫియర్లనే గోళాకారపు నిల్వ ట్యాంకులలో పీడనంతో ద్రవరూపంలో ఉంచిన గ్యాసు బయటి మంట వేడికి మరిగి, ట్యాంకు గోడ మెత్తబడి చీలినప్పుడు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. అగ్నిమాపక పరిభాషలో దీనిని బ్లీవ్ అంటారు. సుమారు 60 మంది ప్రాణాలు తీసిన ఆ ప్రమాదంలో మంటలు కొన్ని రోజుల పాటు కొనసాగాయి, పరిసర ప్రాంతాల జనం ఇళ్లు వదిలి చేతికందినది పట్టుకొని దూరంగా వెళ్లిపోయారు.

అటువంటి మంటను ఆర్పడం అన్న మాటకు సాధారణ అర్థం వర్తించదన్నది పాఠకులు గమనించవలసిన సంగతి. గ్యాసు సరఫరా ఆగకుండా మంటను మాత్రమే ఆర్పితే, కాలకుండా మిగిలిన గ్యాసు మళ్లీ మేఘంలా కూడుతుంది గనుక, కాలేదానిని కాలనిచ్చి, పక్కనున్న ట్యాంకుల మీద ఎడతెగకుండా నీళ్లు కొట్టి చల్లబరచడమే అక్కడ అసలు పని. ఒక వాటర్ టెండర్‌లో పట్టే నీరు సాధారణంగా 4,500 లీటర్లు. నిమిషానికి 450 లీటర్లు చిమ్మే గొట్టం ఒక్కటి పెట్టినా ఆ నీరు పది నిమిషాలకు సరి. కాబట్టి గంటల తరబడి, రోజుల తరబడి ట్యాంకులను తడుపుతూ ఉండడం ఏ ఒక్క శాఖ బండ్ల వల్లా అయ్యేది కాదు. ఇక్కడ ఒక చిన్న వస్తువును గురించి చెప్పుకోవాలి. హోసు చివర ఉండే 63 మిల్లీమీటర్ల కప్లింగు, అంటే రెండు గొట్టాలను టక్కున బిగించే ఇత్తడి లేదా గన్‌మెటల్ జోడింపు, దేశమంతటా ఒకే ప్రమాణానికి తయారవుతుంది. పోర్టువారి హోసు రాష్ట్ర శాఖ బండికీ, సీఐఎస్ఎఫ్ వారి హోసు రిఫైనరీ హైడ్రంటుకూ పట్టేది అందుకే. పరికరాల విషయంలో చూపిన ఈ ముందుచూపు మనుషుల విషయంలో, ముఖ్యంగా విరమణ తరువాతి వ్యవహారాలలో, ఎవరూ చూపలేదు.

విరమణతో ఎవరి దారి వారిదవుతుంది. రాష్ట్ర శాఖ నుంచి దిగినవారు ప్రభుత్వ పెన్షనర్లుగా ఖజానా కార్యాలయం పరిధిలోకి, కంపెనీల నుంచి దిగినవారు ప్రధానంగా భవిష్య నిధి సంస్థ 1995లో తెచ్చిన పెన్షన్ పథకంలోకి, సీఐఎస్ఎఫ్ నుంచి దిగినవారు 2012 నుంచి మాజీ కేంద్ర సాయుధ పోలీసు బలగాల సిబ్బంది అన్న హోదాలోకి చేరతారు. రాష్ట్ర ఉద్యోగులలో కూడా తరాన్ని బట్టి కథ మారుతుంది. విరమణ వయసు 1983లో 58 నుంచి 55కు తగ్గి, తరువాత మళ్లీ 58కి చేరి, 2014లో 60, 2022లో 62 అయినందువల్ల, ఒకే స్టేషన్‌లో కలిసి పనిచేసినవారు కూడా వేరు వేరు వయసులలో, వేరు వేరు వేతన సవరణల లెక్కలతో ఇంటికి వెళ్లారు. ఉమ్మడి రాష్ట్రంలో కలిసి శిక్షణ పొందిన బ్యాచ్‌లవారు 2014 జూన్ 2 తరువాత రెండు రాష్ట్రాల మనుషులయ్యారు. బ్రిటన్‌లో యుద్ధకాలపు బాంబుదాడుల నడుమ 1943లో అగ్నిమాపకుల కోసమే పుట్టిన సంక్షేమ నిధి నేటికీ ఒక స్వచ్ఛంద సంస్థగా నడుస్తూ విశ్రాంతులను కూడా ఆదుకుంటుండగా, ఇక్కడ ఏ శాఖ పెన్షనర్ల గోడు ఆ శాఖ సంఘానిదే.

ఏడాదికొకసారి సమర్పించే జీవన ప్రమాణ పత్రం, అంటే పెన్షనరు బతికే ఉన్నాడని రుజువు చేసే కాగితం, ఒకప్పుడు ఈ పాతవారిని ఖజానా వరండాల్లో, బ్యాంకు బల్లల మీద పక్కపక్కన కూర్చోబెట్టేది. ఎవరికి చూపు తగ్గింది, ఎవరి పిల్ల పెళ్లి కుదిరింది, ఎవరు కాలం చేశారు అన్నవి అక్కడే తెలిసేవి. 2014 నవంబరులో వేలిముద్రతో పని జరిగే డిజిటల్ పద్ధతి వచ్చాక ఆ ప్రయాస తగ్గింది. మోకాళ్ల నొప్పులున్నవారికి అది మేలే గాని, ఆ కలయిక కూడా దానితోనే పోయిందనక తప్పదు.

ఇక మిగిలిన ఉమ్మడి సందర్భం ఏప్రిల్ 14. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో పుట్టిన మంట, పేలుడు పదార్థాలు, పత్తి బేళ్లు ఒకే ఓడలో నింపి ఉన్న కారణంగా, భారీ విస్ఫోటాలకు దారితీయగా, ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపకులు చనిపోయారు. వారి స్మృత్యర్థం దేశంలోని అగ్నిమాపక కేంద్రాలన్నీ ఆ రోజు నివాళి అర్పించి, 20వ తేదీ దాకా వారోత్సవాలు జరుపుతాయి. అంబేడ్కర్ జయంతి కూడా అదే రోజు కావడంతో పత్రికలలో ఈ నివాళికి దక్కే చోటు తక్కువ. అయినా రేవు పట్టణమైన విశాఖకు ఆ ఓడ కథ పరాయిది కాదు. రాష్ట్ర శాఖ, పోర్టు, ఉక్కు, రిఫైనరీ దళాలన్నీ ఎవరి ఆవరణలో వారు పాటించినా, పాటించేది ఒకే దినం, స్మరించేది ఒకే మృతులను.

విశ్రాంతులకూ ప్రస్తుత సిబ్బందికీ మధ్య సంబంధం ఆదరాభిమానాల వరకే పరిమితమైతే ఇంత చెప్పుకోనక్కరలేదు. ఈ ఊరి అపాయాలను ఎదుర్కొన్న అనుభవం కూడా ఆ సంబంధంలో భాగం. 2012 జూన్ 13న ఉక్కు కర్మాగారం రెండో స్టీల్ మెల్టింగ్ షాపు వద్ద ఆక్సిజన్ విభాగంలో జరిగిన పేలుడు 19 మందిని బలిగొన్నప్పుడు, స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో ఉక్కు కూడా మండుతుందన్న పాఠం ఎదుట నిలిచింది. 2013 ఆగస్టులో రిఫైనరీ కూలింగ్ టవర్ ప్రమాదం, 2016 ఏప్రిల్‌లో దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలిలో మరునాటికీ ఆరని బయోడీజిల్ ట్యాంకుల మంట ఆ వరుసలోవే. 2020 మే 7 వేకువన ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర స్టైరీన్ అనే రసాయనం ఆవిరి 12 మంది ప్రాణాలు తీసిన ఘటనలోనైతే ఆర్పడానికి మంటే లేదు. 2023 నవంబరు 19 రాత్రి చేపలరేవులో పక్కపక్కన కట్టి ఉన్న సుమారు 40 బోట్లు డీజిల్ ట్యాంకులతో, వంటగ్యాసు సిలిండర్లతో సహా కాలిపోయాయి. ఇన్ని రకాల అపాయాలు ఒకే ఊరిలో చూసిన అగ్నిమాపకులు దేశంలో తక్కువ.

ఈ అనుభవంలో కాగితం మీదికి ఎక్కింది స్వల్పం. ప్రతి ప్రమాదం తరువాత తయారయ్యే ఫైర్ రిపోర్టులో కాల్ వచ్చిన వేళ, బండి కదిలిన వేళ, చేరిన వేళ, నష్టపోయిన ఆస్తి, కాపాడిన ఆస్తి ఉంటాయి గాని, బండి ఏ సందులో ఇరుక్కుంది, ఏ హైడ్రంటులో నీరు రాలేదు, గాలి ఎప్పుడు సముద్రం వైపు నుంచి తిరిగింది, ఎవరి మాట విని బృందం రెండు నిమిషాల ముందు వెనక్కి తగ్గి బతికింది అన్నవి ఉండవు. పరిశ్రమలు ఆపదలో ఒకదానికొకటి బండ్లు, ఫోమ్, సిబ్బంది పంపుకొనే పరస్పర సహాయ ఏర్పాట్లు, 1984 భోపాల్ దుర్ఘటన తరువాత వచ్చిన చట్టాల ప్రకారం జిల్లా యంత్రాంగం నడిపే ఆఫ్‌సైట్ ప్రణాళికలు, అంటే కర్మాగారం గోడ దాటిన ప్రమాదానికి సంబంధించిన ప్రణాళికలు, ఉన్నప్పటికీ, వాటి మాక్ డ్రిల్లులకు విశ్రాంతులను పిలిచి మాట్లాడించడం ఒక పద్ధతిగా స్థిరపడవలసి ఉంది.

1997 నాటికి 25 ఏళ్ల వయసున్న ఫైర్‌మ్యాన్‌కు ఇప్పుడు యాభై దాటాయి. అప్పటి స్టేషన్ ఆఫీసర్లలో బతికి ఉన్నవారు చాలా పెద్దవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ గాని, బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం గాని, శాఖల తేడా చూడకుండా వీరి మాటలను రికార్డు చేసి భద్రపరిచే పనికి వెంటనే పూనుకోవాలి. అంతవరకు, ఇంట్లో ఇటువంటి పెద్దలున్న పాఠకులు వారిని కూర్చోబెట్టి, స్టేషన్ పేరు, ప్రమాదం జరిగిన చోటు, సంవత్సరం, వెంట ఉన్న సహోద్యోగుల పేర్లతో సహా వారు చెప్పింది చెప్పినట్టు ఫోనులో రికార్డు చేసి పెట్టాలని మనవి.