పాదం మీద నాడి

"చెప్పులో మేకు ఉందని మూడు రోజులు తెలీలేదమ్మా," అంటున్నాడాయన. గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. డ్రెస్సింగ్ గదిలో బల్ల మీద కుడికాలు చాపుకుని కూర్చున్నాడు. పక్కనే భార్య, ఒళ్లో పాత చీటీలు కుక్కిన ప్లాస్టిక్ సంచి. మేకు సంగతి కనిపెట్టింది ఆవిడే. గచ్చు మీద ఎర్ర మరకలు చూసి, కిళ్లీ ఉమ్మేశాడనుకుని ముందు తిట్టిందట.

గదిలో బెటాడిన్ వాసన, దాని అడుగున చీము వాసన. డాక్టరమ్మ కట్టు విప్పుతోంది. ఆఖరి పొర పుండుకి అతుక్కుపోయింది. లాగెయ్యకుండా సెలైన్ పోసి నాననిచ్చి, అంచు పట్టుకుని మెల్లగా లేపింది. బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ పసుపుపచ్చగా గట్టిపడిన ఆనె. అడుగున ఎర్రదనం లేదు, కండ పాలిపోయి ఉంది.

"ఏం పూశారు బాబాయ్?"

ఆయన భార్య వంక చూశాడు. "పసుపూ సున్నం. తర్వాత మందుల షాపాయన ఇచ్చిన పౌడరు."

డాక్టరమ్మ ఏమీ అనలేదు. బ్లేడు తీసుకుని ఆనెను పొరలు పొరలుగా చెక్కడం మొదలుపెట్టింది. చూస్తున్న నాకు ఒళ్లు జలదరిస్తోంది. ఆయన మాత్రం ఈ ఏడు తేజా మిర్చి ధర ఎలా పడిపోయిందో చెప్పుకుపోతున్నాడు. మత్తు ఇవ్వలేదు, ఆ పాదానికి అక్కర్లేదు. ఏళ్ల తరబడి షుగరు అదుపు తప్పి నరాలు చచ్చుబడ్డాయి. అడుగు పడ్డప్పుడల్లా ఆ ఆనె బరువునంతా పుండు మీదికే నొక్కుతుంది. అది పోనిదే అంచుల నుంచి కొత్త చర్మం లోపలికి పాకదు.

తర్వాత మొద్దు మొన ఉన్న స్టీలు పుల్లను పుండులోకి దించింది. ఎముకకి తగిలితే 'టక్'మని చేతికి తెలుస్తుంది. తగల్లేదు. ఎముకలోకి చీము దిగలేదనడానికి అదొక మంచి సూచన.

అప్పుడు రెండు వేళ్లు పాదం పైన ఆనించి కళ్లు మూసుకుంది. నాడి అందలేదు. చీలమండ వెనక చూసింది. అక్కడా లేదు. పెన్నులాంటి డాప్లర్ పరికరం తీసి, చేతి మీద జెల్ రాసి ఆనించగానే 'ధఢ్, ధఢ్' అని గది నిండా మోగింది. అదే కాలి మీద పెడితే 'హూష్... హూష్' అని సన్నగా సాగింది. బీపీ పట్టీ చేతికి చుడితే 150. చీలమండ పైన చుడితే 84. కాలి అంకెను చేతి అంకెతో భాగిస్తే 0.56. అది 0.9 కన్నా తగ్గిందంటే కాలికి వెళ్లే రక్తనాళాలు పూడుకుపోతున్నట్టే.

"అంటే ఏంటమ్మా?" భార్య గొంతు తగ్గింది.

"ఇన్నాళ్లూ మందంతా పైన పూశాం పిన్నీ. కిందికి రక్తమే సరిగ్గా దిగట్లేదు. మనం ఇచ్చే యాంటీబయాటిక్ కూడా రక్తంతోనే కదా వెళ్లాలి. బీడీలెన్ని బాబాయ్?"

"రోజుకో కట్ట."

"ఇవాళ్టితో ఆఖరు."

పక్క బల్ల మీద ఉన్న పెద్దావిడకి ఇదే లెక్క 1.4 వచ్చింది. అంకె పెద్దదని సంబరపడటానికి లేదు. షుగరు ముదిరిన వాళ్లలో రక్తనాళాల గోడలకు సున్నం పట్టి, పట్టీ ఎంత బిగించినా అణగవు. ఇనుప గొట్టాన్ని పిసికినట్టే. అందుకే బొటనవేలికి చిన్న పట్టీ చుట్టి మళ్లీ కొలిచారు. 28. అక్కడ 30 కన్నా తక్కువుంటే పుండు మానడం చాలా కష్టం. హమాలీతో పాటు ఆవిడనీ స్కానింగ్‌కి రాశారు.

రెండ్రోజుల తర్వాత, రక్తనాళాల్లో అడ్డం తీసే క్యాత్ ల్యాబ్. నాళాలు తెర మీద కనిపించేందుకు ఎక్కించే రంగు మందు మూత్రపిండాల మీద భారం వేస్తుంది కాబట్టి, వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ ముందే చూశారు. హమాలీ మెలకువగానే ఉన్నాడు. గజ్జ దగ్గర సూది గుచ్చి మందు వదలగానే తెర మీద నల్లటి గీత మోకాలి దాకా నిండుగా దిగింది. ఆ కింద మూడు నాళాలు కనిపించాలి. కనిపించింది ఒక్కటే, అదీ నడిమికి తెగి. 0.014 అంగుళాల మందమున్న తీగ ఆ అడ్డం దగ్గర ఆగింది, వెనక్కొచ్చింది, మళ్లీ కదిలింది. గదిలో ఎవరూ మాట్లాడట్లేదు. "అయిందా అమ్మా?" అని ఆయనే అడిగాడు. తీగ దాటింది. దాని మీదుగా 2.5 మిల్లీమీటర్ల బెలూన్ పంపి ఉబ్బించి, కాసేపు ఉంచి దించేశారు. ఈసారి మందు వదిలితే గీత పాదం దాకా వచ్చింది.

వార్డులో భార్య ఆ పాదాన్ని పట్టుకుని చూసి, "వెచ్చగా ఉంది," అంది.

అసలు పేచీ తర్వాతే వచ్చింది. పుండు మానేదాకా ఆ కాలి మీద బరువు మోపకూడదు, బస్తా ముట్టుకోకూడదు. "ఎన్నాళ్లు?" "రెండు మూడు నెలలనుకో బాబాయ్." "మరి తిండి?" దానికి డాక్టరమ్మ దగ్గర చీటీ లేదు. కొడుకుని పిలిపించి మాట్లాడింది. పాదం నుంచి పిక్క దాకా అతుక్కునేలా పిండికట్టు వేసింది.

ఈ కట్టుకి మన దక్షిణాదితో చుట్టరికం ఉంది. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన పాల్ బ్రాండ్ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కుష్ఠు రోగుల పాదాలు చూశాడు. కుష్ఠు నేరుగా పాదాన్ని తినేయట్లేదని, నొప్పి తెలియక అదే గాయం మీద నడవడం వల్లే అది పాడవుతోందని చెప్పాడు. ఆ తర్వాత 1966లో అమెరికాలోని కార్విల్‌కి వెళ్లి, ఈ పిండికట్టు చికిత్సనే షుగరు రోగుల పాదాలకు వాడి చూపించాడు.

నాలుగు వారాలకి కట్టు మారుస్తుంటే చూశాం. పుండు సగానికి పైగా తగ్గింది, అడుగున కండ ఎర్రగా నిగనిగలాడుతోంది. మానినా నిశ్చింత లేదు. అలా మానిన వాళ్లలో సుమారు 40 శాతం మందికి ఏడాదిలోపే మళ్లీ పుండు పడుతోంది. కాబట్టి ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ల అరికాళ్లు రోజూ రాత్రి మీరే చూడండి, చెప్పు తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. చీము పైకి పాకి ప్రాణం మీదికొస్తే ఆలస్యం కూడదు, అది వేరే సంగతి. అది కాకుండా ఎవరైనా కాలు తీసేయాలంటే, రక్తం ఎందాకా దిగుతోందో కొలిచారా అని ముందు అడగండి.