విడిభాగములు దొరకని గేర్‌బాక్సులు

కారు ఎంత పాతదైన దాని గేర్‌బాక్సును బాగుచేయుట అంత దుష్కరమని లోకమున నొక నమ్మిక కలదు. గేర్‌బాక్సుల చరిత్రను మొదటినుండి పరిశీలించినచో ఆ నమ్మిక నిలువదు. గేర్‌బాక్సు ఎన్నడు పుట్టినదనుటకంటె, ఎన్ని పుట్టినవి, ఏ పదార్థములతో పుట్టినవి యనునదియే ప్రధానము.

1891 ప్రాంతమున ఫ్రాన్సులో పన్హార్, లెవాసోర్‌ల కర్మాగారమున అమర్చిన గేర్లు షాఫ్టుపై నిటునటు జరిగి, పండ్లతో పండ్లు కలియునట్టివి. మార్చునపుడు పుట్టు రొద భయంకరమే యైనను, అందు లోహమును మించిన రహస్యమేమియు లేదు కనుక, నేర్పరియైన పనివాడు నేటికిని అట్టి గేరును కోయగలడు. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్-టి వేరు మార్గము త్రొక్కెను. అందు పండ్లు ఎల్లప్పుడును కలిసియే యుండును. డ్రమ్ములను చుట్టిన పట్టీలను పెడలుతో బిగించి వేగము మార్చెదరు. 1927 నాటికి సుమారు 1.5 కోట్ల కార్లు తయారగుటచే, ఆ పట్టీలకు క్రొత్త లైనింగు చేయువారు ఇప్పటికిని కలరు.

గేర్లు రొద లేక కలియుటకై ఎర్ల్ థాంప్సన్ కల్పించిన సింక్రోమెష్‌ను 1928లో కాడిలాక్ ప్రవేశపెట్టెను. ఈ పద్ధతి వ్యాపించిన పిమ్మట గేర్ల నడుమ కంచు రింగులు చేరెను. రింగు లోపలి సన్నని గాట్లు నూనెపొరను చీల్చి గేరు శంకువును పట్టుకొనవలెను; అవి అరిగి నునుపుదేరినచో పట్టు సడలి గేరు అరచును. అరిగిన రింగును చూచిన కంటికి దోషము తెలియదు, గోటికి తెలియును. పైగా వెనుక యాక్సిలు కొరకై చేసిన కొన్ని నూనెలలోని గంధక ద్రవ్యములు కంచును తినివేయును. శ్రేష్ఠమైన నూనె యను భ్రాంతితో మిగిలిన రింగును సైతము చెరచుకొనుట మిక్కిలి విచారకరము.

1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్‌తో హైడ్రామాటిక్ అను స్వయంచాలక గేర్‌బాక్సు వచ్చినది మొదలు అసలు కష్టము ప్రారంభమయ్యెను. నూనె యొత్తిడియే గేరు మార్చు ఈ యంత్రమున రబ్బరు సీళ్లు, పూత గల క్లచ్ ప్లేట్లు, వెంట్రుకవాసి సందున కదలు వాల్వులు చేరెను. ఇనుము వేచియుండును, రబ్బరు వేచియుండదు. అట్టపెట్టెలో నేండ్ల తరబడి దాచిన క్రొత్త సీలు సైతము గట్టిపడి నూనె కార్చును. 1949లో ప్యాకార్డు సంస్థ స్వయముగా నిర్మించిన అల్ట్రామాటిక్ గేర్‌బాక్సుకు, 1956లో డెట్రాయిట్‌లోని ఆ కార్ల తయారీ నిలిచిపోగా, వారసుడే లేకపోయెను. ఒకదానిని బ్రతికించుటకు మూడింటిని విప్పుదురు గాని, మూడింటను అరిగియుండునది తరచుగా ఒకే భాగము.

అన్నిటికంటె విచిత్రమైన కొరత ఒక్క దినమున పుట్టినది. 1953 ఆగస్టు 12న మిషిగన్ రాష్ట్రమున లివోనియాలోని హైడ్రామాటిక్ కర్మాగారము దగ్ధమయ్యెను. విల్లో రన్‌లో తయారీ తిరిగి సాగువరకు కాడిలాక్, ఓల్డ్స్‌మొబీల్ కార్లకు బ్యూక్ వారి డైనాఫ్లో గేర్‌బాక్సును, పాంటియాక్‌కు షెవ్రొలే వారి పవర్‌గ్లైడ్ గేర్‌బాక్సును తగిలించిరి. బ్యూక్‌లో ప్రొపెల్లరు షాఫ్టు గొట్టములో మూయబడి యుండగా, కాడిలాక్‌లో బయటనే తిరుగును. అందుచే డైనాఫ్లో వెనుక భాగమును మార్చక తప్పలేదు. ఇట్టి కాడిలాక్ గలవానికి లోపలి ప్లేట్లు, సీళ్లు బ్యూక్ భాగములనుండి సమకూరవచ్చును. ఆ వెనుక కేసింగు పగిలినచో మాత్రము, ఆ కొలది మాసములలో తయారైన మరియొక కాడిలాక్‌ను వెదకవలెను. లేదా పగిలినదానినే నమూనాగా నుంచుకొని క్రొత్తది పోతపోయించవలెను.