స్లైసు దోషము: కారణాన్వేషణ చరిత్ర

సికింద్రాబాదునకు ఈశాన్యమున, సైనికపురి, కాప్రా, కుషాయిగూడల నడుమ విస్తరించియున్న ఏ.ఎస్. రావు నగర్, 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) సంస్థకు తొలి మేనేజింగ్ డైరెక్టరై దానిని తీర్చిదిద్దిన అయ్యగారి సాంబశివరావుగారి నామధేయమును ధరించిన పేట. కంటికి కానరాని సంకేతములను పట్టి కొలుచు యంత్రములను నిర్మించుటయే వృత్తిగా గలవారు ఇండ్లు కట్టుకొని స్థిరపడిన తావది. దానికి ఆనుకొని విశ్రాంత సైనికోద్యోగుల సైనికపురి, కొంచెము ఎగువను బొల్లారము దండు. గోల్ఫ్ ఆట మన దేశమునకు దండులవెంట వచ్చినది. ఆ యాటలో శతాబ్దములుగా జనులను వేధించిన స్లైసు అను దోషముయొక్క మర్మము కొలతవలన తేలినది. దండును, కొలతయు ఇంత చేరువగా కాపురమున్న చోటు మరియొకటి నాకు తోపదు గనుక, ఈ పేటనుండియే ఆ దోషచరిత్రను పరిశీలింప బూనితిని.

కుడిచేతివాటము గల ఆటగాడు దూరము కొట్టుటకై వాడు డ్రైవరు అను కర్రతో సత్తువకొలది కొట్టిన బంతి, తిన్నగానో, ఒకింత ఎడమగానో బయలుదేరి, దూరము పోయినకొలది కుడికి ఒరిగి, తుదకు ఫెయిర్‌వే దాటి పొదలపాలగుటయే స్లైసు. కొత్తగా ఆడువారిలో ఇంత విరివిగా కనబడు దోషము వేరొకటి లేదు. దీనిని మాన్పుట కష్టమగుటకు హేతువు దోషముకంటె దాని చికిత్సయందే ఎక్కువగా ఉన్నది. బంతి కుడికి పోవుట చూచినవాడు మరునాడు ఎడమకు గురిపెట్టును. గురితోపాటు భుజములును ఎడమకు తిరుగును. భుజములు తిరిగినందున కర్ర వెలుపలినుండి లోపలికి బంతిని మునుపటికంటె అడ్డముగా కోయును. బంతి మునుపటికంటె ఎక్కువగా వంగును. చూచినది సత్యమే, చేసినది సహజమే, ఫలితము మాత్రము విపరీతము. అందువలననే ఈ విషయమున కన్ను చాలదనియు, కారణజ్ఞానము కావలెననియు నా దృఢవిశ్వాసము.

ఆ జ్ఞానము మొదట గోల్ఫ్ మైదానమున పుట్టలేదు. 1672లో న్యూటను కాంతినిగూర్చి వ్రాసిన లేఖలో, ఏటవాలుగా పట్టిన రాకెట్టుతో కొట్టిన టెన్నిసు బంతి వక్రమార్గమున పోవుట తాను పలుమారులు చూచితినని ప్రస్తావించెను. ఆ ప్రస్తావనను ప్రయోగముగా మార్చినవాడు బెంజమిన్ రాబిన్సు అను ఆంగ్లేయ గణితజ్ఞుడు. 1742లో తుపాకీవిద్యపై మహాగ్రంథము ప్రకటించిన ఇతడు, నున్నని గొట్టమునుండి వెలువడిన గుండు ఏల దారి తప్పుచున్నదని శోధించి, అది గొట్టపు గోడను రాచుకొనుచు వచ్చుటచే పొందు భ్రమణమే కారణమని ఊహించెను. ఊహను పరీక్షించుటకు ఆతడు చేసిన పని అద్భుతమైనది: ఒక తుపాకీ గొట్టపు కొనను ఎడమకు కొంచెము వంచి, దారిలో పలుచని కాగితపు తెరలు వరుసగా నిలిపి, పేల్చెను. తెరలలో పడిన రంధ్రములే గుండు నడచిన జాడ. గుండు తొలుత వంపునుబట్టి ఎడమకు బయలుదేరెను; అయినను కొనవంపునందు కుడిగోడను ఒరసికొని వచ్చుటచే కలిగిన భ్రమణము దానిని గాలిలో కుడికి మరల్చెను. ఎడమకు మొదలై కుడికి ముగిసిన ఆ గమనము నేటి స్లైసునకు సరియైన ప్రతిరూపము! ఈ రాబిన్సు తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో కోటలు బాగుచేయుటకై మన దేశమునకు వచ్చి, 1751లో కడలూరు దాపున ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో మరణించెను. ఆతని జీవితపు తుదిపుట కోరమాండల్ తీరమున వ్రాయబడినదని తెలిసినప్పుడు, ఈ శాస్త్రము మనకు కొంత ఆత్మీయమైనట్లు తోచును. అటుపై నూరేండ్లకు, 1852లో, జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు మాగ్నసు ఈ ఫలితమును ప్రయోగశాలలో నిరూపింపగా, నేటికిని అది ఆతని పేరుననే చెల్లుచున్నది.

ఇక ఆట సంగతి. 1829లో కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు వెలసెను. తెలుగునాట విశాఖపట్టణపు ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు 1884నాటిది. తక్కినచోట్ల దండులున్న ఊళ్ళలో మైదానములు వెలసినవి. నీటియెద్దడి గల ప్రదేశములలో పచ్చికకు మారుగా ఇసుకలో నూనె కలిపి చదును చేసిన బ్రౌనులపై గుంటలు త్రవ్వి ఆడెడివారు. గట్టినేలపై దొరలిన బంతి ఆగక పోవును గనుక, అట్టి మైదానమున స్లైసు చేసినవానికి నష్టము రెట్టింపయ్యెడిది.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమునుండి మలయాదేశపు చెట్టుపాలతో చేసిన గట్టాపెర్చా బంతి వాడుకకు వచ్చినది. క్రొత్తగా నున్నగానున్న బంతికంటె దెబ్బలు తిని గరుకెక్కిన బంతియే బాగుగా ఎగురుట గమనించి, తయారీదారులు బంతిపై గాట్లు పెట్టనారంభించిరి. నేడు మనము చూచు గుంటల బంతికి విలియం టేలరు 1905లో పేటెంటు పొందెను. పైపొరయందలి గరుకుదనము గాలిని పట్టి నిలుపుట మేలే. అయినను బంతి అడ్డముగా తిరిగినప్పుడు ఆ గరుకే దానిని ప్రక్కకును లాగును.

ఎడింబరో ఆచార్యుడు పీటర్ గత్రీ టెయిటు 1890వ దశకమున ఈ భ్రమణమును కొలువ సంకల్పించెను. మెలికలేని పొడుగైన నాడాయొక్క ఒక కొనను బంతికి, మరియొక కొనను నేలకు బిగించి, ఒకటి రెండు గజముల దూరముననున్న బంకమట్టి గోడలోనికి ఆ బంతిని మంచి ఆటగానిచే కొట్టించి, నాడాలో పడిన మెలికలనుబట్టి బంతి ఎంత తిరిగినదో నిర్ణయించెను. ఇంతకంటె నిరాడంబరమైన కొలతపరికరము ఉండబోదు. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ టెయిటు 1896లోను, 1898లోను బ్రిటిషు అమెచ్యూరు విజేత. తండ్రి సిద్ధాంతము, కుమారుని భుజబలము ఒక్క ఇంటనే పెరిగినవి. 1910లో, ఎలక్ట్రానును కనుగొనిన జె.జె. థామ్సను, లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో గోల్ఫ్ బంతి గమనముపై ఉపన్యసించుచు, ఆ ఎలక్ట్రానుల ధారనే అయస్కాంతముతో వంచి, స్లైసు, దానికి విపరీతముగా ఎడమకు వంగు హుక్కు మొదలగు గతులను సభవారి కన్నులకు కట్టించెను. ఎలక్ట్రానిక్సు పేరు మోసిన మన పేటవారు ఈ ప్రదర్శనను తప్పక తెలిసికొనదగును.

శాస్త్రజ్ఞు లిట్లుండగా, గురువులు వేరొక దారిని పోయిరి. ప్రసిద్ధ ఆటగాడు హారీ వార్డను 1905 గ్రంథముతో, ఒకచేతి వ్రేలిని రెండవచేతిపై వేసి కర్రను పట్టు అతివ్యాప్తి పట్టు లోకమంతట పాకెను. 1913లో అమెరికాయందలి పైన్‌హర్‌స్టులో, తరువాత ‘మేనియాక్ హిల్’ అని పేరుపడిన ఒక దిబ్బ కేవల సాధనకై కేటాయింపబడెను. నేటి డ్రైవింగ్ రేంజికి అదియే మూలమందురు. కావలసినన్ని బంతులు వరుసగా కొట్టు సౌకర్యము కలిగినంతనే దోషములు తొలగునని చాలమంది తలచిరి. సాధన ఎంత జరిగిన తప్పు అంత గట్టిపడుననుట వారికి తట్టలేదు. దీనికితోడు, బంతి కర్ర ఊగిన దారిని బయలుదేరి, కర్ర ముఖము, అనగా బంతిని తాకు తలము, చూచిన దిక్కున ముగియునను సూత్రము చాలకాలము పాఠములలో నిలిచెను. 1968లో కాక్రను, స్టాబ్సు అనువారి గ్రంథము, కర్రకును బంతికిని సంపర్కము సెకనులో రెండువేలవవంతు మాత్రమే ఉండుననియు, తొలిదిశను ప్రధానముగా ముఖమే నిర్ణయించుననియు స్పష్టపరచినను, దానిని చదివినవారు కొందరే. 2003లో డెన్మార్కున పుట్టిన ట్రాక్‌మాన్ సంస్థ రాడారు యంత్రములు రేంజిలలోనికి వచ్చినపిదపగాని పాతసూత్రము కదలలేదు. డ్రైవరుతో తొలిదిశలో నూటికి సుమారు 85 పాళ్ళు ముఖమునుబట్టియే అనియు, వంపునకు ముఖమునకును దారికిని గల భేదమే కారణమనియు నేడు ఎల్లరు నంగీకరింతురు. ముఖము దారికంటె కుడికి తెరచుకొనియున్నచో బంతి భ్రమణాక్షము, ఒరిగిన బొంగరమువలె, వాలును. డ్రైవరు ముఖము వాలు తక్కువగుటచే ఈ ఒరుగు హెచ్చు; ఏడవ నంబరు ఐరనుతో తిన్నగా కొట్టగలవాడు డ్రైవరుతో స్లైసు చేయుట ఇందువలననే.

ఏ.ఎస్. రావు నగర్ వాసి రేంజికి పోదలచినచో, సైన్యముతో సంబంధము గలవారికి దండులోని బైసను మైదానమును, ఇతరులకు నగరమునకు ఆవలి దెసనున్న గోల్కొండ నయాఖిల్లా మైదానమును, గచ్చిబౌలి బండరాళ్ళ నడుమనున్న బౌల్డర్ హిల్సును గలవు. అచ్చట సాధన ఎట్లుండవలెను? మొదటి పదిబంతులు చక్కదిద్దుటకు కాదు, చదువుటకు. ప్రతి బంతిని రెండు ప్రశ్నలడుగవలెను: ఎచ్చట బయలుదేరినది, ఎటు వంగినది. ఎడమకు బయలుదేరి కుడికి వంగినచో ముఖము లక్ష్యమునకు ఎడమగాను, దారి అంతకంటె ఎడమగాను ఉన్నవని అర్థము. కుడికే బయలుదేరి ఇంకను కుడికి పోయినచో ముఖము తెరచుకొనియున్నది, దానిని చూడవలసినది పట్టులో. ఎడమచేతి కణుపులు రెండో మూడో కనబడునట్లు చేతిని కుడికి త్రిప్పిన పిమ్మట గాని తక్కిన ఉపాయములు ఫలింపవు. అటుపై భుజములు లక్ష్యమునకు సమాంతరముగా నుంచి, బంతికి అవతల, వెనుకవైపున కొంచెము దూరముగా ఖాళీ అట్టపెట్టె నొకటి నిలిపి, దానిని తగులకుండ కర్ర లోపలినుండి వచ్చునట్లు సగపు ఊపులతో కొట్టవలెను. ముఖముపై కొద్దిగా పౌడరు చల్లినచో తగిలిన చోటు అచ్చుపడును; మచ్చ కర్రతల మడమవైపున, అనగా కాడకు దగ్గరగా, పడుచున్నచో, పట్టును, దారిని ఎంత సవరించినను స్లైసు కొంత మిగులును, బంతినుండి కొంచెము దూరముగా నిలుచుటయే దానికి మందు. బుట్టెడు బంతులు గబగబ ముగించువానికంటె ఈ మచ్చను చూచుచు ఇరువది కొట్టినవాడు ముందు బాగుపడుటను నేను ఎరుగుదును. మనదేశపు మైదానములలో కేడీలుగా పెరిగి ప్రొఫెషనలులైనవారు, 1991 ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ మొదలుకొని, చూచి చదువుటచేతనే ఈ విద్య నేర్చిరి.

వంపును పూర్తిగా నిర్మూలింపవలెనని లేదు. హుక్కుతో ఏండ్లతరబడి పెనగులాడిన అమెరికా ఆటగాడు బెన్ హోగను, దానిని అణచి కుడికి మెల్లగా వాలు ఫేడును సాధించి, 1949 మోటారు ప్రమాదమున మరణద్వారమునకు పోయివచ్చియు మరుసటి ఏడే అమెరికా ఓపెన్ గెలిచెను. 1957లో తన అనుభవమునంతయు ఐదు పాఠముల గ్రంథముగా వెలువరించెను. ఆతని పేర నెలకొల్పిన కళాశాలా క్రీడాపురస్కారమును 2020లో పొందినవాడు, 1997లో కాలిఫోర్నియాలో తెలుగు తల్లిదండ్రులకు జన్మించిన సాహిత్ తీగల. వెన్నెముకయందలి వంపుతోనే పెరిగిన ఇతడు, డ్రైవరుతో ఎక్కువగా కుడికి వంగు బంతినే నమ్ముకొని, 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్పు గెలిచి, పి.జి.ఏ. టూరులో తన మొదటి విజయమును సాధించెను.